పడుకున్న సర్వర్‌కు జీతమివ్వడం ఎలా?

వాడని సర్వర్‌ని ఆపేస్తే డబ్బు మిగులుతుంది. ఈ మాత్రం దానికి కూడా సలహాలు కావాలా అని మీకు అనిపించిందంటే, మీరింకా బిల్లు చివరిదాకా చదవలేదన్నమాట. ఆపిన సర్వర్ మీద నెలనెలా క్రమం తప్పకుండా డబ్బు కట్టడం ఓ విద్య. అది పుస్తకాల్లో దొరకదు, గురుముఖంగా నేర్చుకోవాల్సిందే. అందులో ఆరితేరినవాణ్ణి కాబట్టి, ఆ విద్య నాతోనే అంతరించిపోకూడదని ఇక్కడ రాసిపెడుతున్నాను.

మాది హైదరాబాద్‌లో ఓ చిన్న కంపెనీ. చీరల షాపులకీ మిఠాయి కొట్లకీ వెబ్‌సైట్లు చేసిపెడతాం. ఏడాదిలో పది నెలలు ఆ సైట్లకి వచ్చేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎంగిలిపూల బతుకమ్మ నాడు మొదలవుతుంది అసలు తిరనాళ్ల. అక్కణ్నుంచి దీపావళి దాకా ఊపిరి సలపదు. ఆ రద్దీ కోసం అమెజాన్ క్లౌడ్‌లో ఓ పెద్ద సర్వర్ తెరిచాం. ఆఫీసులో దాని పేరు దసరా సర్వర్. నాలుగు వర్చువల్ సీపీయూలు, 16 జీబీ మెమరీ. ఎం5 ఎక్స్‌లార్జ్ అంటారు. అమెరికాలోని వర్జీనియా ధర ప్రకారం గంటకు 0.192 డాలర్లు, నెలంతా నడిస్తే 140 డాలర్లు. కార్తీకమాసం వచ్చేసరికి దానికి పని లేకుండా పోయింది.

"తీసేయకు. మళ్లీ దసరాకి కావాలిగా. ఊరికే ఆపి ఉంచు," అన్నారు మా సార్.

ఊరికే! ఆ ఒక్క మాటకి అర్థం వెతుకుతూ నేను గడించిన అనుభవసారమే ఈ పది సలహాలు.

సలహా 1: స్విచ్ ఆపితే మీటర్ ఆగుతుందని నమ్మండి

ఇంట్లో ఫ్యాన్ ఆపితే కరెంటు ఖర్చు ఆగుతుంది. ఈ జ్ఞానం చాలు, దీంతోనే క్లౌడ్‌లోకి దిగండి. సర్వర్‌లోకి లాగిన్ అయి షట్‌డౌన్ అని కొట్టండి. స్క్రీన్ నల్లబడగానే చేతులు దులుపుకుని టీకి వెళ్లిపోండి. ఏ కంపెనీ క్లౌడ్ అయినా 'ఆపు' అంటే ఆపేగా!

మైక్రోసాఫ్ట్ అజూర్‌లో ఈ పద్ధతి గొప్పగా పనిచేస్తుంది. లోపలి నుంచి ఆపిన మిషన్‌ని అజూర్ 'స్టాప్డ్' అంటుంది. మిషన్ పడుకుంటుంది కానీ దానికి కేటాయించిన ప్రాసెసర్, మెమరీ మీ పేరు మీదే ఉంటాయి, అద్దె నడుస్తూనే ఉంటుంది. పోర్టల్‌లోకి వెళ్లి అక్కడి స్టాప్ బటన్ నొక్కితే వచ్చే స్థితి వేరు. దాని పేరు 'స్టాప్డ్, డీఅలొకేటెడ్'. ఆ రెండో మాట కనిపిస్తేనే మిషన్ అద్దె ఆగినట్టు. అంత పొడుగు మాట చదివే ఓపిక ఎవరికుంది? మొదటి మాట దగ్గరే ఆగిపోండి.

డిజిటల్ ఓషన్‌లో ఇంకా హాయి. అక్కడ సర్వర్‌ని డ్రాప్లెట్ అంటారు. దాన్ని లోపలి నుంచి ఆపినా, బయటి నుంచి ఆపినా బిల్లు ఆగదు. మీ చోటు మీకోసం అట్టేపెట్టి ఉంచుతారు కాబట్టి పూర్తి అద్దె. అద్దె ఆగాలంటే స్నాప్‌షాట్, అంటే డిస్క్‌కి ఉన్నదున్నట్టు నకలు, తీసి దాచుకుని, డ్రాప్లెట్‌ని పూర్తిగా తీసేయాలి. దాచిన స్నాప్‌షాట్‌కి నెలకు జీబీకి 6 సెంట్లు. ఇది తెలిసినవాళ్లు నెలకు ఒకటి రెండు డాలర్లతో సరిపెట్టుకుంటారు. మనం ఆపిన డ్రాప్లెట్‌ని చూసి మురిసిపోతూ పూర్తి అద్దె కడదాం.

గూగుల్ క్లౌడ్‌లో 'స్టాప్' కాక 'సస్పెండ్' అని ఇంకో బటన్ ఉంది. నొక్కితే మెమరీలో ఉన్నదంతా ఉన్నట్టుగా భద్రపరుస్తారు. భద్రపరిచినందుకు అద్దె వేరే. అలా ఉంచేది కూడా 60 రోజులే.

ఇక మా అమెజాన్ ఈసీ2. ఇక్కడ మాత్రం స్టాప్ అంటే మిషన్ అద్దె నిజంగానే ఆగుతుంది. 2017 అక్టోబర్ నుంచి లినక్స్ మిషన్లకి సెకన్ల లెక్కన బిల్లు వేస్తున్నారు కాబట్టి, నొక్కిన సెకనుకే మీటర్ ఆగుతుంది. ఇది విని దిగులు పడకండి. రెండో సలహా ఉంది.

సలహా 2: మనిషి వెళ్లిపోయినా సామాను ఇంట్లోనే ఉంచండి

సర్వర్ అంటే ఒక్కటే వస్తువు అనుకోవడం మన శాస్త్రానికి మూలస్తంభం. నిజానికి అది ఓ కుటుంబం. యజమాని పడుకున్నా ఇంట్లో మిగతావాళ్లు తింటూనే ఉంటారు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత వీళ్లను చూసే పుట్టి ఉండాలి.

మొదట డిస్క్. మా దసరా సర్వర్‌కి 500 జీబీ డిస్క్ తగిలించాను. జీపీ3 రకం, నెలకు జీబీకి 8 సెంట్లు. మొత్తం 40 డాలర్లు. అందులో మేం వాడింది 60 జీబీ. మిగతాదంతా ఖాళీ. కానీ బిల్లు మీరు అడిగిన సైజుకే గానీ నింపిన సైజుకి కాదు. గాదె నిండా వడ్లున్నా, ఎలుకలున్నా అద్దె ఒక్కటే. సర్వర్ ఆపినా డిస్క్ అద్దె ఆగదు, ఎందుకంటే మీ డేటా దాని మీదే ఉంది.

తర్వాత ఐపీ అడ్రస్. ఒకప్పుడు నడుస్తున్న సర్వర్‌కి తగిలించిన ఒక పబ్లిక్ ఐపీ ఉచితం, ఖాళీగా పెట్టుకుంటేనే జరిమానా. 2024 ఫిబ్రవరి 1 నుంచి అమెజాన్ ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కీ గంటకు అర సెంటు వేస్తోంది, వాడినా వాడకపోయినా. నెలకు 3.65 డాలర్లు. చిన్న మొత్తమే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అందుకే అది మనకిష్టం.

లోడ్ బ్యాలెన్సర్ ఒకటి. జనాన్ని నాలుగు సర్వర్లకి పంచి పంపే గుమాస్తా లాంటిది. వెనక సర్వరే లేకపోయినా గుమాస్తా కుర్చీలోనే కూర్చుంటాడు. నెలకు 16 డాలర్లు. నాట్ గేట్‌వే ఇంకొకటి. లోపల దాక్కున్న సర్వర్లు ఇంటర్నెట్‌ని చూడటానికి పెట్టిన పెరటి తలుపు అది. చూసేవాళ్లు లేకపోయినా తలుపుకి నెలకు దాదాపు 33 డాలర్లు.

కూడండి. 40, 3.65, 16, 33. దాదాపు 93 డాలర్లు. గుమాస్తా ఐపీలు, పెరటి తలుపు ఐపీ ఇందులో లేవు, వాటి లెక్క వేరే. మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 110 డాలర్లకి చేరుతుంది. పన్ను పక్కనపెడితే, మెలకువగా ఉన్నప్పుడు సర్వర్ అద్దె 140, పడుకోబెట్టాక ఇంటి ఖర్చు 93. తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అంటే ఇదే.

సలహా 3: సర్వర్‌ని ఊరవతల కట్టేయండి

కోఠీలో చీరలమ్మే షాపుకి సర్వర్ ఎక్కడుండాలి? ముంబైలో అమెజాన్ రీజియన్, అంటే సర్వర్లుండే కేంద్రం, 2016లోనే వచ్చింది. 2022 నవంబర్ నుంచి మన హైదరాబాద్‌లోనే ఒకటి ఉంది. మా సర్వర్ మాత్రం వర్జీనియాలో ఉంది. ఎందుకంటే మొదటి రోజు కన్సోల్ తెరిస్తే పైన వర్జీనియా అని ఉంది, నేను దాని జోలికి పోలేదు.

ఇందులో ఓ సౌకర్యం ఉంది. ఈసీ2 పేజీలో ఒకసారికి ఒక రీజియన్ సర్వర్లే కనిపిస్తాయి. తర్వాత వచ్చిన కుర్రాడు ముంబై ఎంచుకుని చూస్తే జాబితా ఖాళీ. "అన్నా, మనకి సర్వర్లేం లేవు," అంటాడు సంతోషంగా. అన్ని రీజియన్లనీ ఒకేచోట చూపించే పేజీ కూడా ఉందని ఎవరికీ చెప్పకండి. కళ్లబడని గొడ్డుని సంతకి తోలుకుపోలేరు.

సలహా 4: డేటాబేస్‌ని ఆపి నిశ్చింతగా ఊరెళ్లండి

కుంభకర్ణుడు ఆరు నెలలు నిద్రపోయి ఒకరోజు లేచేవాడు. అమెజాన్ ఆర్‌డీఎస్ డేటాబేస్‌కి అంత నిద్ర లేదు. దాన్ని ఆపితే వరసగా 7 రోజులే ఆగుతుంది. ఎనిమిదో రోజు దానంతటదే లేచి నడక మొదలుపెడుతుంది. అప్‌డేట్లూ మరమ్మతులూ మరీ వెనకబడిపోకూడదని పెట్టిన నియమం ఇది. ఆగి ఉన్న ఆ వారంలో కూడా దాని డిస్క్‌కీ బ్యాకప్‌లకీ అద్దె ఉంటుంది.

కార్తీక పౌర్ణమి నాడు దీపం పెట్టి, డేటాబేస్ ఆపి, ఆ ఏడాది పుణ్యమంతా ఒక్కరోజే మూటగట్టుకున్నాను. సంక్రాంతికి ఊరెళ్లి, కనుమ నాడు గారెలు తిని, తిరిగొచ్చి బిల్లు చూస్తే అది మొదటి వారం తప్ప మిగతా అన్ని రోజులూ నిక్షేపంగా నడిచింది. అడిగేవాడు లేడు, ఒక్క చీర అమ్మింది లేదు. కొత్త అల్లుడిని సాగనంపి వచ్చి తలుపు తీస్తే మళ్లీ గుమ్మంలోనే ఉన్నట్టు.

దీన్ని ఆపడానికి వారం వారం నిద్రపుచ్చే చిన్న ప్రోగ్రాం రాసుకునేవాళ్లున్నారు. ఇంకొందరైతే చివరి స్నాప్‌షాట్ తీసి డేటాబేస్‌ని తీసేస్తారు, పండగకి దాన్నుంచే మళ్లీ నిలబెడతారు. ఇవన్నీ తొందరపాటు మనుషుల పనులు.

సలహా 5: రక్తబీజుడిని కత్తితో నరకండి

దసరా సర్వర్ కాబట్టి దేవీ మాహాత్మ్యంలోని రాక్షసుడు రాకపోతే బాగుండదు. రక్తబీజుడి ఒక్కో రక్తపు బొట్టు నుంచి ఒక్కో రక్తబీజుడు లేస్తాడు. ఆటో స్కేలింగ్ గ్రూప్‌లో ఉన్న సర్వర్ కూడా అంతే. "ఎప్పుడూ ఇద్దరు ఉండాలి" అని మనమే దానికి చెప్పి ఉంటాం. మనం వెళ్లి ఒకడిని ఆపుతాం. గ్రూప్ తన వాళ్లను లెక్కపెట్టుకుని, ఆగినవాడు జబ్బుపడ్డాడని తేల్చి, వాడిని పూర్తిగా తీసేసి, కొత్తవాడిని పుట్టిస్తుంది. కొత్తవాడిని ఆపండి, ఇంకొకడు లేస్తాడు.

గ్రూప్‌లోని సంఖ్యను సున్నా చేస్తే కథ అక్కడితో సమాప్తం. కానీ యుద్ధంలో ఉన్న ఉత్సాహం సున్నాలో ఎక్కడుంది?

సలహా 6: చిరునామా మారినా చెప్పకండి, మూటలు అరుగు మీదే పెట్టండి

సొంత ఐపీ తీసుకుంటే సర్వర్ ఆగి ఉన్నా నెలకు 3.65 డాలర్లు దండగని చెప్పి, సర్వర్‌కి దానంతటదే వచ్చే ఐపీతో సరిపెట్టుకోండి. పొదుపే కదా. ఆపినప్పుడు ఆ ఐపీ వెళ్లిపోతుంది. మళ్లీ లేపినప్పుడు కొత్తది వస్తుంది. మీ వెబ్‌సైట్ పేరు మాత్రం పాత ఐపీనే చూపిస్తూ ఉంటుంది. అంటే మీ షాపు బోర్డు ఎవరిదో ఇంటి ముందు వేలాడుతోందన్నమాట. పండగ రోజుల్లో జనం ఆ ఇంటి తలుపు కొడతారు. తీసేదెవరో వాళ్ల అదృష్టం.

ఇంకో సంగతి. కొన్ని రకాల మిషన్లకి తాత్కాలిక డిస్క్ ఒకటి ఉంటుంది. ఇన్‌స్టెన్స్ స్టోర్ అంటారు. చాలా వేగం. రీబూట్ చేస్తే అందులోవి ఉంటాయి, ఆపితే మాత్రం తుడిచిపెట్టుకుపోతాయి. రైల్వే ప్లాట్‌ఫారం బెంచీ మీద పెట్టిన మూట లాంటిది. కూర్చున్నంతసేపూ అది మనదే. కాబట్టి ముఖ్యమైన ఆర్డర్ల జాబితా అక్కడే పెట్టి, తర్వాత పొదుపు గుర్తొచ్చి సర్వర్ ఆపండి. చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులు కూడా మిగలవు.

సలహా 7: మూడేళ్ల మెస్ కార్డు కొని, ఉపవాసాలు మొదలుపెట్టండి

అమెజాన్‌లో సేవింగ్స్ ప్లాన్ అని ఉంది. "గంటకు ఇన్ని డాలర్ల పని తప్పకుండా చేయించుకుంటాను" అని ఏడాదికో మూడేళ్లకో మాటిస్తే, గరిష్ఠంగా 72 శాతం దాకా తగ్గింపు ఇస్తారు. ఏడాది పొడవునా నడిచే సర్వర్లకి ఇంతకు మించిన బేరం లేదు. అందుకే దీన్ని ఏడాదికి నలభై రోజులు నడిచే దసరా సర్వర్‌కి తీసుకోవాలి.

అమీర్‌పేట హాస్టల్ మెస్‌లో నెల డబ్బులు ముందే కట్టేసి సంక్రాంతికి ఊరెళ్లిన ప్రతివాడికీ ఈ లెక్క తెలుసు. తిన్నా తినకపోయినా ప్లేటు మీదే. ఇక్కడ కూడా సర్వర్ నడిచినా పడుకున్నా ఇచ్చిన మాటకి గంట గంటకీ బిల్లు పడుతుంది. "72 శాతం మిగిల్చాను సార్," అని మీరు చెప్పిన రోజు సార్ భుజం తడతారు. ఆ తట్టుడు విలువ మూడేళ్లు కట్టుకోవచ్చు.

సలహా 8: తీసేయాల్సినవి ఉంచండి, ఉంచాల్సినవి తీసేయండి

ఎప్పుడో ఒకరోజు మీకు ధైర్యమొచ్చి 'టెర్మినేట్' నొక్కుతారు. స్టాప్ అంటే నిద్ర, టెర్మినేట్ అంటే కర్మకాండ. మామూలుగా సిస్టం ఉన్న మొదటి డిస్క్ సర్వర్‌తోపాటే పోతుంది. తర్వాత మీరు విడిగా తగిలించిన డిస్క్‌లు మాత్రం సాధారణంగా మిగిలిపోతాయి. యజమాని లేని ఆ డిస్క్‌లు 'అవైలబుల్' అన్న హోదాతో ఓ మూల కూర్చుని నెలనెలా తింటూనే ఉంటాయి. సెట్టింగులన్నీ ఉన్న డిస్క్ పోయింది, ఎప్పటివో ఫొటోలున్న డిస్క్ చిరంజీవి అయింది. మన సలహాలు పాటించేవాళ్లకి ఇలాంటివి వాటంతటవే కలిసొస్తాయి.

స్నాప్‌షాట్ల గురించి కూడా ఓ మాట. భయమేసినప్పుడల్లా ఒకటి తీయండి. పేర్లు ఇలా పెట్టండి: ఫైనల్, ఫైనల్ 2, కొత్త ఫైనల్, ఇదే అసలు ఫైనల్. వాటిలో ఏదైనా ఒకదాన్నుంచి సర్వర్‌ని మళ్లీ నిలబెట్టి చూద్దామన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లిన మనిషిని, పిల్లి బతికుందా అని మధ్యలో అడక్కూడదు.

సలహా 9: ఎవరిదో తెలియకుండా చూసుకోండి

పది సలహాల్లోకీ బలమైంది ఇదే. పైవన్నీ మరిచిపోయినా పర్వాలేదు, ఇదొక్కటి పాటిస్తే మీ బిల్లుకి చావు లేదు.

ప్రతి సర్వర్‌కీ ట్యాగులు పెట్టొచ్చు. ఎవరిది, ఏ పనికి, ఎప్పటిదాకా అని మూడు ముక్కలు. పెట్టకండి. మా దగ్గర 'టెస్ట్ 2' అని ఓ సర్వర్ ఉండేది. ఎవరు తెరిచారో తెలియదు. టెస్ట్ 1 ఏమైందో అంతకన్నా తెలియదు. ప్రతి మూడు నెలలకోసారి మీటింగులో దాని పేరు వచ్చేది.

"అది తీసేద్దామా?" అని ఒకరు.

"ప్రొడక్షన్‌లో దేనికైనా కనెక్ట్ అయి ఉంటే?" అని ఇంకొకరు.

"అసలే పండగ దగ్గర పడుతోంది," అని మూడోవారు.

"సరే, వచ్చే మీటింగులో చూద్దాం," అని మా సార్.

అది మొన్నటిదాకా బతికే ఉంది. పదిమంది చేతిలో పడ్డ పాము చావదంటారు. తీసేసినవాడిది తప్పు అవుతుంది, ఉంచినవాడిది ఎప్పటికీ తప్పు కాదు. అనవసరంగా కట్టిన బిల్లుకి ఇంతవరకూ ఎవరికీ మెమో ఇవ్వలేదు. అనవసరంగా ఆపిన సర్వర్‌కి మాత్రం ఒకడి ఉద్యోగమే ఊగిసలాడింది. కాబట్టి క్లౌడ్‌లో డబ్బుని తినేది సర్వర్లు కావు, "నాకెందుకొచ్చిన గొడవ" అన్న మాట. అది ఏ కంపెనీ బిల్లులోనూ విడిగా రాసి ఉండదు.

పనిలో పనిగా బడ్జెట్ హెచ్చరిక కూడా ఒకటి పెట్టుకోండి. అది వెళ్లే ఈమెయిల్ రెండేళ్ల కిందట ఉద్యోగం మానేసినవాడిది అయితే శ్రేష్ఠం. సరైన మనిషికి వెళ్లినా భయం లేదు. విడిగా ఏర్పాటు చేస్తే తప్ప, హెచ్చరిక ఖర్చు దాటిందని చెబుతుందే గానీ దేన్నీ ఆపదు. కుక్క మొరుగుతుంది, దొంగ తన పని చూసుకుంటాడు.

సలహా 10: పండగ ముందు రోజు రాత్రి నిద్రలేపండి

పదినెలలు పడుకున్నదాన్ని ముందుగా లేపి ఇబ్బంది పెట్టకండి. మహాలయ అమావాస్య ముందు రాత్రి పదకొండున్నరకి స్టార్ట్ నొక్కండి.

మొదట, అది లేవకపోవచ్చు. ఆపినప్పుడు మీరు మీ చోటు వదిలేశారు. అందుకేగా అద్దె ఆగింది! ఆ సమయానికి మీ సర్వర్ ఉండే జోన్‌లో మీ సైజు మిషన్ ఖాళీ లేకపోతే, తర్వాత ప్రయత్నించండి అని సందేశం వస్తుంది. పండగకి ఊరెళ్లే బస్సులో సీటు ముందు రోజు రాత్రి వెతికినట్టే ఉంటుంది.

లేచిందనుకోండి. సైట్ సురక్షితమని బ్రౌజర్‌కి చెప్పే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ల సర్టిఫికెట్‌కి తొంభై రోజులకే గడువు తీరిపోయి ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు తిరగరాసే ప్రోగ్రాం కూడా సర్వర్‌తోపాటే పడుకుంది మరి. సైట్ తెరిచినవాళ్లకి చీరలకి బదులు 'ఈ సైట్ సురక్షితం కాదు' అని కనిపిస్తుంది. పదినెలల సెక్యూరిటీ అప్‌డేట్లు గుమ్మంలో వరసకట్టి ఉంటాయి. పాస్‌వర్డ్ తెలిసిన కుర్రాడు బెంగళూరులో వేరే కంపెనీలో చేరి ఉంటాడు. షాపు ఆయన ఫోన్ చేస్తాడు: "బాబూ, పోయిన దసరాకి బానే ఉంది కదా?"

వారం ముందే ఒకసారి లేపి, అప్‌డేట్లు చేసి, నాలుగు ఆర్డర్లు పెట్టి చూసి మళ్లీ పడుకోబెట్టేవాళ్లకి ఈ ఆనందాలేవీ దక్కవు.

ఒక హెచ్చరిక

ఈ పది సలహాలనీ శ్రద్ధగా పాటిస్తున్న మా ఆఫీసులోకి మొన్న జనవరిలో ఓ ముప్పు వచ్చింది. కొత్తగా చేరిన అకౌంట్స్ మేడం. సర్వర్ అంటే ఏమిటో ఆవిడకి తెలియదు. అదే మా కొంప ముంచింది. తెలిసినవాళ్లయితే భయపడేవాళ్లు.

బిల్లు ప్రింట్ తీసి నా టేబుల్ దగ్గరికొచ్చారు.

"దీనికెందుకు కడుతున్నాం అండీ?"

"అది ఆపేశాం మేడం. ఊరికే ఉంచాం."

"ఊరికే అయితే డబ్బులెందుకు తీసుకుంటున్నారు?"

నేను డిస్క్ గురించీ, ఐపీ గురించీ, గుమాస్తా గురించీ, పెరటి తలుపు గురించీ వివరించాను. ఆవిడ అంతా విని, "మేం మిర్యాలగూడలో ఇల్లు తాళం వేసి వచ్చాం. తాళం వేశామని ఓనర్ అద్దె మానుకోలేదు. సామాను తీసేసి తాళంచెవి ఇచ్చేస్తేనే మానాడు," అన్నారు. నాకు పదేళ్లు పట్టిన శాస్త్రాన్ని ఆవిడ నిలబడే తేల్చేశారు. వాడినందుకు కాదు, పట్టి ఉంచుకున్నందుకు అద్దె.

తర్వాత ఓ కాగితం మీద మూడు గడులు గీశారు. ఇది ఎవరిది? లేకపోతే ఎవరు అడుగుతారు? ఎప్పటిదాకా ఉండాలి? బిల్లులో ఉన్న ఒక్కో పద్దునీ పట్టుకుని సీటు సీటుకీ తిరిగారు. పేరు చెప్పినవాళ్ల చేత సంతకం పెట్టించుకున్నారు. సంతకం అనగానే సగం సర్వర్లు అనాథలైపోయాయి.

కుర్రాళ్లు రోజూ పనిచేసుకునే డెవలప్‌మెంట్ సర్వర్‌ని కూడా వదల్లేదు. "వారానికి 168 గంటలు. మీరు రోజుకు పన్నెండు గంటల చొప్పున అయిదు రోజులుంటారనుకున్నా 60. మిగతా 108 గంటలు ఎవరికోసం నడుస్తోంది?" అన్నారు. ఇప్పుడది ఉదయం తొమ్మిదికి లేచి రాత్రి తొమ్మిదికి పడుకుంటుంది, శని ఆదివారాలు సెలవు. మాకన్నా దాని బతుకే బావుంది.

దసరా సర్వర్ వంతు వచ్చింది. డిస్క్‌కి ఒక్క స్నాప్‌షాట్ తీయించారు. స్నాప్‌షాట్‌కి రాసిన డేటా మేరకే బిల్లు కాబట్టి, 60 జీబీకి నెలకు 5 సెంట్ల చొప్పున 3 డాలర్లు. దాన్నుంచి కొత్త సర్వర్ లేపించి, సైట్ తెరుచుకుందో లేదో తన ఫోన్‌లో చూసుకున్నారు. మళ్లీ దసరాకి ఏం నొక్కాలో, దేని తర్వాత ఏదో నా చేతే వరసగా రాయించారు. ఆ తర్వాత సర్వరూ డిస్కూ ఐపీ గుమాస్తా పెరటి తలుపూ అన్నీ తీయించేశారు. 93 పోయి 3 మిగిలింది. చివరగా టెస్ట్ 2. దాన్ని ముందు రెండు వారాలు ఆపించారు. ఎవరూ అడగకపోయేసరికి తీసేయమన్నారు.

ఎవరో ఒకరు అరుస్తారని నెలంతా ఎదురుచూశాను. ఫోన్ మోగినప్పుడల్లా ఆశగా తీశాను. ఒక్కరంటే ఒక్కరు అరవలేదు. నా ఉద్యోగ జీవితంలో అంత అవమానం ఎరగను.

కాబట్టి, ఇలాంటివాళ్లని సర్వర్ల దరిదాపులకి రానివ్వకండి. 'ఇది టెక్నికల్ విషయం మేడం' అన్న మంత్రం చాలామందికి పనిచేస్తుంది. పనిచేయకపోతే జీఎస్టీ రిటర్నులు అప్పజెప్పండి.

నెలాఖరున మా సార్ కంగారుగా పిలిచారు. చేతిలో కొత్త బిల్లు.

"ఇదేంటయ్యా, ఇంత తక్కువొచ్చింది? ఏదో ఆగిపోయినట్టుంది. ఎందుకైనా మంచిది, ఓ పెద్ద సర్వర్ తెరిచి ఊరికే ఉంచు."

ప్రాణం లేచొచ్చింది. పరుగున వెళ్లి కన్సోల్ తెరిచాను. వర్జీనియాలోనే తెరుచుకుంది.